ఉప్పు, పంచదార, మైనం, రాగి: రసాయన బంధాన్ని పరీక్షించి తేల్చడం ఎలా

తెలుగులో కరగడం ఒక్కటే మాట. ఉప్పు నీళ్లలో కరుగుతుంది, మైనం వేడికి కరుగుతుంది, నెయ్యి వేడన్నం మీద కరుగుతుంది. ఇంట్లో మాట్లాడుకోవడానికి ఈ మాట చాలు. రసాయన బంధాల పాఠంలో మాత్రం మొదటి చిక్కు ఇక్కడే పడుతుంది. ఉప్పు నీళ్లలో కరిగితే దాని స్ఫటికాన్ని పట్టి ఉంచిన అయానిక బంధాలే (ధన, రుణ ఆవేశాలున్న అయాన్ల మధ్య ఆకర్షణలు) విడిపోతాయి. పంచదార నీళ్లలో కరిగితే అణువులు ఒకదాన్నుంచి ఒకటి దూరం జరుగుతాయి, ఏ అణువూ ముక్కలవదు. మైనం వేడికి కరిగితే ఒక్క సమయోజనీయ బంధమైనా (పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకోవడం వల్ల ఏర్పడేది) తెగదు. చూసేవాళ్లకు మూడూ కరగడమే.

అందుకని కింద చెప్పే ప్రతి పరీక్షలోనూ ఒకటే అడుగుతూ వెళ్దాం: ఇక్కడ తెగుతున్నది ఏది, తెగకుండా మిగిలింది ఏది? పదో తరగతి, ఇంటర్ విద్యార్థులకు, బడిలో ప్రయోగం చేసి చూపించాలనుకునే టీచర్లకు ఈ వరుస పనికొస్తుంది.

మొదటి అడుగు: మూలకాలు చూసి అంచనా వేయండి

లోహమూ అలోహమూ కలిస్తే అయానిక బంధం. అలోహాలే కలిస్తే సమయోజనీయ బంధం (కొన్ని పాఠ్యపుస్తకాల్లో సంయోజనీయ బంధం అని ఉంటుంది, రెండూ ఒకటే). లోహం ఒక్కటే ఉంటే లోహ బంధం. ఇది అంచనా మాత్రమే, తీర్పు కాదు.

అంచనాను కాస్త బిగించడానికి రుణవిద్యుదాత్మకత (బంధంలోని ఎలక్ట్రాన్లను పరమాణువు తనవైపు లాగే గుణం) విలువలు వాడతాం. లైనస్ పౌలింగ్ 1932లో ఇచ్చిన కొలమానంలో తరచూ అవసరమయ్యేవి ఇవి: సోడియం 0.93, మెగ్నీషియం 1.31, అల్యూమినియం 1.61, హైడ్రోజన్ 2.20, కార్బన్ 2.55, అయోడిన్ 2.66, నైట్రోజన్ 3.04, క్లోరిన్ 3.16, ఆక్సిజన్ 3.44, ఫ్లోరిన్ 3.98. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయండి. తేడా సుమారు 0.4 కన్నా తక్కువైతే అధ్రువ సమయోజనీయ బంధం, 0.4 నుంచి 1.7 వరకు ధ్రువ సమయోజనీయ బంధం (ఎలక్ట్రాన్లు ఒకవైపుకు ఎక్కువ లాగబడేది), 1.7 దాటితే అయానిక బంధం అని పుస్తకాల లెక్క. సోడియం క్లోరైడ్‌కు తేడా 2.23, హైడ్రోజన్ క్లోరైడ్‌కు 0.96. ఇక్కడిదాకా లెక్క బాగానే కుదిరింది.

ఇప్పుడు హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను, సోడియం అయోడైడ్‌ను పక్కపక్కన పెట్టండి. మొదటిదానికి తేడా 1.78, రెండోదానికి 1.73. లెక్క ప్రకారం రెండూ అయానికమే, పైగా మొదటిదే ఎక్కువ అయానికం. నిజానికి హైడ్రోజన్ ఫ్లోరైడ్ 19.5 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోయే అణు పదార్థం. సోడియం అయోడైడ్ 661 డిగ్రీల దాకా కరగని స్ఫటికం. 1.7 అనేది గోడ కాదు, పొలం గట్టు లాంటిది. అటూ ఇటూ దాటేవాళ్లు ఉంటారు. లోహం, అలోహం సూత్రానికీ ఇదే గతి. అనార్ద్ర అల్యూమినియం క్లోరైడ్‌లో లోహం ఉన్నా, దాదాపు 180 డిగ్రీల దగ్గరే ఉత్పతనం చెందుతుంది, అంటే ద్రవం కాకుండానే ఆవిరవుతుంది. తేల్చాల్సింది ధర్మాలే.

అయానిక బంధం గురించి ఒక అపోహ ఇక్కడే వదిలించుకోవాలి. సోడియం తన ఎలక్ట్రాన్‌ను 'స్థిరత్వం కోసం' తనంతట తాను ఇచ్చేస్తుందని చాలామంది రాస్తారు. ఒక మోల్ సోడియం పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్‌ను లాగడానికి 496 కిలోజౌళ్లు ఖర్చు. దాన్ని క్లోరిన్ పుచ్చుకున్నప్పుడు తిరిగి వచ్చేది 349 కిలోజౌళ్లే. ఇంకా 147 కిలోజౌళ్ల అప్పు మిగిలింది. ఆ అప్పు తీర్చేది స్ఫటిక జాలకం. వేరువేరుగా ఉన్న ధన, రుణ అయాన్లు జాలకంలోకి చేరినప్పుడు సుమారు 787 కిలోజౌళ్లు విడుదలవుతాయి. కాబట్టి అయానిక బంధమంటే ఒక సోడియం, ఒక క్లోరిన్ చేయి పట్టుకోవడం కాదు. ఒక్కో అయాన్ చుట్టూ ఆరు వ్యతిరేక అయాన్లు చేరి, అలా అన్ని వైపులా సాగే అమరిక అది. 'ఉప్పు అణువు' అనే మాట తప్పయ్యేది ఇందుకే.

రెండో అడుగు: చుక్కల బొమ్మ గీయండి

సమయోజనీయం అని అనుమానం ఉన్నప్పుడే ఇది అవసరం. 1916లో గిల్బర్ట్ లూయిస్ ఎలక్ట్రాన్ జంటల ఆలోచనతో పాటు తెచ్చిన పద్ధతి ఇది. కార్బన్ డయాక్సైడ్‌తో చేసి చూద్దాం.

1. చివరి కక్ష్యల్లోని ఎలక్ట్రాన్లన్నీ కూడండి. కార్బన్‌వి 4, రెండు ఆక్సిజన్లవి 12, మొత్తం 16.
2. తక్కువ రుణవిద్యుదాత్మకత ఉన్నదాన్ని మధ్యలో పెట్టి, పక్కవాటితో ఏకబంధాలు గీయండి. హైడ్రోజన్ మాత్రం ఎప్పుడూ అంచునే. రెండు బంధాలకు 4 ఎలక్ట్రాన్లు పోయాయి, 12 మిగిలాయి.
3. మిగిలినవి ముందు అంచు పరమాణువులకు పంచండి. ఒక్కో ఆక్సిజన్‌కు 6 చొప్పున అన్నీ అయిపోయాయి. కార్బన్ చుట్టూ నాలుగే ఉన్నాయి.
4. లోటు పూడ్చడానికి ఒక్కో ఆక్సిజన్ నుంచి ఒక ఒంటరి జంటను (బంధంలో లేని ఎలక్ట్రాన్ జంటను) బంధంలోకి జరపండి. రెండు ద్విబంధాలు వచ్చాయి, అందరికీ ఎనిమిది సరిపోయాయి.
5. ఫార్మల్ ఛార్జ్ సరిచూడండి: చివరి కక్ష్య ఎలక్ట్రాన్లలోంచి ఒంటరి ఎలక్ట్రాన్లనూ, బంధ ఎలక్ట్రాన్లలో సగాన్నీ తీసేయాలి. ఆక్సిజన్‌కు 6 లోంచి 4, 2 పోతే సున్నా. ఒక వైపు త్రిబంధం, మరో వైపు ఏకబంధం గీసినా అష్టకం (ఎనిమిది ఎలక్ట్రాన్ల లెక్క) నిండుతుంది గానీ ఆక్సిజన్ల మీద ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి మిగులుతాయి. అందుకే మొదటి బొమ్మే మెరుగు.

మార్కులు పోయేది ఎక్కువగా మొదటి మెట్టులోనే, అయాన్ల ఆవేశం మరిచిపోయి. అమ్మోనియం అయాన్‌కు 5, 4 కూడి ఒకటి తీసేయాలి, మొత్తం 8. నైట్రేట్‌కు 5, 18 కూడి ఇంకొకటి కలపాలి, మొత్తం 24. మొత్తం బేసి సంఖ్య వచ్చిందంటే కూడికే తప్పని కంగారుపడకండి. నైట్రిక్ ఆక్సైడ్‌కు నిజంగానే 11 ఎలక్ట్రాన్లు, అందులో ఒకటి జత లేనిదే. బోరాన్ ట్రైఫ్లోరైడ్‌లో బోరాన్ ఆరుతోనే ఆగుతుంది. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌లో సల్ఫర్ చుట్టూ 12 ఉంటాయి. కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్ చుట్టూ మాత్రం ఎనిమిది దాటించకూడదు.

ద్విబంధం బలం ఏకబంధానికి సరిగ్గా రెట్టింపు అనుకోవద్దు. ఒక మోల్ బంధాలు తెంపడానికి కార్బన్ల మధ్య ఏకబంధానికి సుమారు 347 కిలోజౌళ్లు, ద్విబంధానికి 614, త్రిబంధానికి 839. నైట్రోజన్ అణువులో త్రిబంధం 945. గాలిలో ఐదింట నాలుగు వంతులు నైట్రోజనే ఉన్నా పైరుకు యూరియా చల్లాల్సి రావడానికి ఈ 945 ప్రధాన కారణం.

బొమ్మ పూర్తయ్యాక ఆకారం చూడాలి. మీథేన్‌లో కోణం 109.5 డిగ్రీలు, ఒక ఒంటరి జంట ఉన్న అమ్మోనియాలో 107, రెండున్న నీటిలో 104.5. ఒంటరి జంట ఎక్కువ చోటు ఆక్రమించి బంధాలను నొక్కుతుంది. కార్బన్ డయాక్సైడ్‌లో బంధాలు ధ్రువ బంధాలే అయినా అణువు సరళ రేఖలో ఉండటంతో రెండు లాగుళ్లూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, అణువు అధ్రువం. నీటి అణువు వంగి ఉంది కాబట్టి రద్దు కావు.

మూడో అడుగు: విద్యుత్ పరీక్ష

కావాల్సినవి: 9 వోల్టుల బ్యాటరీ, ఎర్ర ఎల్ఈడీ, 470 ఓముల రెసిస్టర్, రెండు పెన్సిళ్లు, క్లిప్పులున్న వైర్లు, 100 మిల్లీలీటర్ల గాజు గ్లాసు, డిస్టిల్డ్ వాటర్. ఇన్వర్టర్ బ్యాటరీలో పోయడానికి అమ్మే నీళ్లే ఇవి.

పెన్సిళ్లను రెండు కొసలా చెక్కండి. నల్లటి గ్రాఫైట్ ములుకులే ఎలక్ట్రోడ్లు. బ్యాటరీ ప్లస్ నుంచి రెసిస్టర్, అక్కణ్నుంచి ఎల్ఈడీ పొడుగు కాలు, పొట్టి కాలు నుంచి ఒక పెన్సిల్. బ్యాటరీ మైనస్ నుంచి రెండో పెన్సిల్. రెసిస్టర్ పెట్టకపోతే ఎల్ఈడీ క్షణంలో మాడిపోతుంది. ఈ అమరికతో కరెంటు 15 మిల్లీ ఆంపియర్ల దగ్గరే ఆగుతుంది. గోడ ప్లగ్గులోని కరెంటు దీనికి ఎప్పుడూ వాడకూడదు.

ముందు రెండు ములుకులనూ ఒకదానికొకటి ఆనించండి. వెలగాలి. వెలగకపోతే ఎల్ఈడీ తిరగేసి పెట్టారు, లేదా పెన్సిల్ లోపల ములుకు విరిగింది. తర్వాత 50 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో ములుకులను ఒక సెంటీమీటరు ఎడంగా ముంచండి. వెలగకూడదు. ఈ మెట్టు దాటేసి కుళాయి నీళ్లతో మొదలుపెడితే ఫలితాలన్నీ పాడవుతాయి. బోరు నీళ్లలో ముందే లవణాలుంటాయి కాబట్టి, ఏమీ కలపకుండానే ఎల్ఈడీ మసకగా వెలగవచ్చు.

ఇక పొడి కల్లుప్పు మీద ములుకులు ఆనించండి: వెలగదు. అయాన్లున్నా కదల్లేవు. అదే ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చెంచా, నీళ్లలో కలపండి: వెలుగుతుంది. వేరే గ్లాసులో 5 గ్రాముల పంచదార: వెలగదు. ప్రతిసారీ ములుకులను డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. లేదంటే అంటుకున్న ఉప్పు పంచదారకు లేని పేరు తెచ్చిపెడుతుంది.

ఉప్పునీటిలో పది సెకన్లకు మించి ఉంచకండి. మైనస్ ములుకు దగ్గర హైడ్రోజన్ బుడగలు, ప్లస్ దగ్గర క్లోరిన్ వస్తాయి. బ్లీచింగ్ పౌడర్ వాసన తగిలిందంటే ఆపేసి కిటికీ తెరవాలి. పెన్సిల్ బదులు రాగి తీగ ముంచితే ప్లస్ వైపు రాగే కరిగి నీళ్లలోకి దిగుతుంది, అప్పుడు మీరు పరీక్షిస్తున్నది మొదటి ద్రావణం కాదు.

ఈ పరీక్షలో అతిపెద్ద వల వెనిగర్. అందులోని ఎసిటిక్ ఆమ్లం సమయోజనీయ అణువు. అయినా ఎల్ఈడీ మసకగా వెలుగుతుంది. నీళ్లలో కలిశాక కొన్ని అణువులు హైడ్రోజన్ అయాన్‌ను నీటికి అప్పగించడం వల్ల అయాన్లు పుడతాయి. ఉప్పులో అయాన్లు ముందే ఉన్నాయి, నీళ్లు వాటిని విడదీశాయంతే. 'ద్రావణంలో కరెంటు పారింది కనుక అయానిక సమ్మేళనం' అన్న వాక్యం ఆమ్లాల దగ్గర కూలిపోతుంది.

నాలుగో అడుగు: వేడి పరీక్ష

బడి ప్రయోగశాలలో, స్పిరిట్ దీపం మీద, కళ్లద్దాలు పెట్టుకుని చేయాలి. పాత స్టీలు చెంచాలో ఒక్కోసారి ఒక్క పదార్థం, పావు చెంచా చాలు.

మైనం కొన్ని సెకన్లలో కరుగుతుంది. మామూలు పారఫిన్ మైనానికి 46 నుంచి 68 డిగ్రీలు సరిపోతాయి. చల్లారితే మళ్లీ అదే మైనం. తెగినది అణువుల మధ్య బలహీనమైన ఆకర్షణ. అణువుల లోపలి కార్బన్, హైడ్రోజన్ బంధాలు చెక్కుచెదరలేదు. అవి తెగేది వత్తి వెలిగించినప్పుడు.

కర్పూరం కథా ఇదే. హారతి కర్పూరంలా హరించుకుపోయిందని అంటాం కదా, డబ్బా మూత తీసి ఉంచితే బిళ్లలు అరిగిపోతాయి. అలా గాలిలోకి పోయేవి చెక్కుచెదరని అణువులే. అందుకే వాసన కర్పూరానిదే వస్తుంది. హారతిలో వెలిగిస్తే మిగిలేది వేరే వాసన, మసి. మొదటిదాంట్లో ఒక్క సమయోజనీయ బంధమూ తెగలేదు, రెండోదాంట్లో తెగాయి. కర్పూరాన్ని చెంచాలో మంట మీద పెట్టకండి, భగ్గుమంటుంది.

పంచదార కొంచెం మొండిది. 186 డిగ్రీల ప్రాంతంలో కరుగుతూనే విచ్ఛిన్నమవుతుంది. నీళ్లు పోసి చేసే పాకంలో అణువులు పంచదారవే. పొడిగా వేడిచేసినప్పుడు వచ్చే గోధుమరంగు, మాడు వాసన మాత్రం లోపలి బంధాలు తెగుతున్న గుర్తు.

ఉప్పు చిటపటలాడుతుంది, కరగదు. దిష్టి తీసి నిప్పుల్లో వేసిన కల్లుప్పు పేలేదీ ఇందుకే. స్ఫటికంలో చిక్కుకున్న నీటి చుక్కలు ఆవిరై పగలగొడుతున్నాయి. ఆ శబ్దాన్ని కరగడానికి ఆరంభం అనుకోవద్దు. సోడియం క్లోరైడ్ ద్రవీభవన స్థానం 801 డిగ్రీలు, ఈ చెంచా అంత వేడికి పోదు. ఒకటి చొప్పున ఆవేశమున్న అయాన్లకే ఇంత కావాలి. ఆవేశాలు రెండేసి ఉన్న మెగ్నీషియం ఆక్సైడ్‌కు 2,800 డిగ్రీలు దాటాలి.

ఇక పటిక. ఇది అయానిక లవణమే, కానీ చెంచాలో 92 డిగ్రీల దగ్గరే నీరుగారిపోతుంది, తర్వాత నురగలా పొంగి తెల్లగా గట్టిపడుతుంది. ఇంటి వైద్యంలో పొంగించిన పటిక అనేది ఇదే. తక్కువ వేడికి కరిగింది కనుక సమయోజనీయం అని రాస్తే తప్పు. స్ఫటికంలో ఉన్న నీరు వదులై, ఆ నీళ్లలోనే పటిక కరిగింది. తెలుగు మాట చేసే మాయకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు: వేడికి కరిగినట్టు కనిపించి, నిజానికి నీళ్లలో కరిగింది. దాని ద్రావణంలో ఎల్ఈడీ బాగా వెలుగుతుంది, అనుమానం అక్కడ తీరుతుంది.

ఇసుక ఏ మంటకూ లొంగదు, నీళ్లలో కరగదు, కరెంటు పారనివ్వదు. శుద్ధమైన ఇసుక సిలికాన్ డయాక్సైడ్, అంతా సమయోజనీయ బంధాలే. ఇక్కడ విడి అణువులు లేవు. గింజ మొత్తం ఒకే బంధాల వల, కరిగించాలంటే ఆ బంధాలనే తెంపాలి, సుమారు 1,700 డిగ్రీలు కావాలి. 'సమయోజనీయ పదార్థాలు తక్కువ వేడికి కరుగుతాయి' అనే వాక్యంలో 'విడి అణువులుగా ఉన్నవి' అని చేర్చకపోతే వజ్రం, ఇసుక రెండూ దాన్ని కొట్టిపారేస్తాయి.

నీళ్లు మరగడం మీద ఒక లెక్క చేసి చూడండి. 18 గ్రాముల నీళ్లు 100 డిగ్రీల దగ్గర ఆవిరవడానికి సుమారు 41 కిలోజౌళ్లు చాలు. అవే అణువుల్లో ఆక్సిజన్, హైడ్రోజన్ బంధాలన్నీ తెంపాలంటే రమారమి 926 కావాలి. గిన్నెలో పైకొచ్చే బుడగలు హైడ్రోజన్, ఆక్సిజన్ కావు, నీటి ఆవిరే. తెగినవి ప్రధానంగా హైడ్రోజన్ బంధాలు, అంటే ఒక అణువులోని హైడ్రోజన్‌కూ పక్క అణువులోని ఆక్సిజన్ ఒంటరి జంటకూ మధ్య ఆకర్షణ. నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్‌లలో ఒకదానికి అంటిపెట్టుకున్న హైడ్రోజన్‌కే ఈ గుణం బలంగా ఉంటుంది. నీటి తోబుట్టువైన హైడ్రోజన్ సల్ఫైడ్ మైనస్ 60 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది.

ఐదో అడుగు: సుత్తి పరీక్ష

ఐదు సెంటీమీటర్ల రాగి తీగను, ఒక పెద్ద కల్లుప్పు రాయిని విడివిడిగా బట్టలో చుట్టి సుత్తితో కొట్టండి. రాగి చదునవుతుంది, ఉప్పు పగులుతుంది. ఉప్పులో ఒక పొర కొంచెం జరిగితే ధన అయాన్ ఎదురుగా ధన అయాన్ వచ్చి, పొరలు ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. రాగిలో చివరి కక్ష్య ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువు సొత్తూ కావు. పొరలు జరిగినా ఆ ఉమ్మడి ఎలక్ట్రాన్లు పట్టు వదలవు. ఘన స్థితిలోనే కరెంటు పారడానికీ అవే కారణం. మోటారు వైండింగ్ తీగ తెచ్చుకుంటే మాత్రం పైనున్న ఎనామిల్ పూతను గీకాలి, లేదంటే రాగికే కరెంటు పారదని తేలుతుంది!

లోహాన్ని ద్రవీభవన స్థానంతో గుర్తించబోకండి. పాదరసం మైనస్ 39 దగ్గర, టంగ్‌స్టన్ 3,422 దగ్గర కరుగుతాయి, రెండూ లోహాలే. ఘన స్థితిలో కరెంటు, దెబ్బకు సాగడం, రెండూ కలిసి ఉండాలి. పెన్సిల్ ములుకులో కరెంటు పారుతుంది కానీ దెబ్బకు పొడి పొడి అయిపోతుంది. గ్రాఫైట్‌లో ఒక్కో కార్బన్ మూడు బంధాలు పెట్టుకుని, నాలుగో ఎలక్ట్రాన్‌ను పొర అంతటా తిరగనిస్తుంది. పొరలో కార్బన్ల మధ్య దూరం 142 పికోమీటర్లు, పొరకూ పొరకూ మధ్య 335. కాగితం మీద గీత పడేది ఆ ఎడం వల్లే.

ఆరో అడుగు: ఒకే పదార్థంలో మూడు రకాల బంధాలు

మైలతుత్తం నీలి స్ఫటికాల్లో రాగి అయాన్‌కూ సల్ఫేట్ అయాన్‌కూ మధ్య అయానిక బంధం, సల్ఫేట్ లోపల, నీటి లోపల సమయోజనీయ బంధాలు, నీటి ఆక్సిజన్ తన ఒంటరి జంటను రాగి అయాన్‌కు ఇవ్వడం వల్ల సమన్వయ సమయోజనీయ బంధాలు ఉంటాయి. ఇది విషం, వంటింటి పాత్రల్లో చేయకూడదు.

గట్టి గాజు పరీక్షనాళికలో 2.5 గ్రాములు తీసుకుని, మూతిని కొంచెం కిందికి వంచి, సన్నని మంట మీద అటూ ఇటూ తిప్పుతూ వేడిచేయండి. మూతి పైకి ఉంటే అంచున చేరిన నీళ్లు వేడి అడుగుకు జారి నాళిక పగులుతుంది. నీలం పోయి తెల్లపొడి మిగలాలి. నీటి వాటా బరువులో 36 శాతం కాబట్టి తూకం 1.6 గ్రాములకు దిగాలి. 1.8 వచ్చిందంటే నీరు ఇంకా మిగిలి ఉంది. తెల్లపొడి నల్లబడుతోందంటే వేడి ఎక్కువై సల్ఫేట్ లోపలి బంధాలే తెగుతున్నాయి, వచ్చే పొగ ఘాటుగా ఉంటుంది, దీపం తీసేయండి. నల్లబడినది నీళ్లు పోసినా నీలం కాదు.

చల్లారిన తెల్లపొడి మీద రెండు చుక్కల నీళ్లు వేస్తే నీలం వెంటనే తిరిగొస్తుంది, నాళిక చేతికి వెచ్చగా తగులుతుంది. బంధాలు ఏర్పడుతున్నప్పుడు విడుదలయ్యే శక్తి అది. మిగిలిన పొడిని దాచుకోవాలంటే బిగుతు మూత కావాలి. వానాకాలంలో మూత వదులుగా ఉంటే గాలిలోని తేమనే తాగి అంచుల నుంచి నీలమవుతుంది, తూకం 1.6 దగ్గర నిలవదు.